లడ్డు నాలుగున్నర నెలలు తినలేదు, ఆరోగ్యంగానే ఉంది

రాత్రి తొమ్మిదిన్నరకి హాల్లో లైట్లు తీసేసి, వేడినీళ్లలో వెచ్చబెట్టిన ఎలుకని పొడవాటి పటకారుతో పట్టుకుని ట్యాంక్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. లడ్డు గూట్లోంచి తల బయటపెట్టింది, రెండుసార్లు నాలుక ఆడించింది, ఎలుక దగ్గర దాకా వచ్చింది, ఒక్క క్షణం ఆగి తల పక్కకి తిప్పేసుకుని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. వరుసగా ఐదోసారి. ఎలుకని కవర్లో చుట్టి చెత్తబుట్టలో వేస్తుంటే వెనకాల మా పాప నిలబడి ఉంది. "నాన్నా, లడ్డు చచ్చిపోతుందా?" అంది.

లడ్డు ఒక బాల్ పైథాన్. మన కొండచిలువకి చుట్టమే కానీ చాలా చిన్నది, పెద్దయ్యాక కూడా మూడు నుంచి ఐదడుగులు, విషం ఉండదు, భయమేస్తే తల మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది. ఇంగ్లిష్ పేరు అందుకే వచ్చింది, మా పాప లడ్డు అని పెట్టింది కూడా అందుకే. మేముండేది టెక్సస్‌లో, ఇక్కడ ఇది పెట్ షాపుల్లో దొరికే పాము. ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక మాట ముందే చెప్పాలి: నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాములకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి కాబట్టి దానికి 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. చెన్నై, బెంగళూరు ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల్లో దాచి తెచ్చి పట్టుబడ్డ పాముల్లో ఈ జాతివి చాలాసార్లు ఉన్నాయి. అలా వచ్చినదాన్ని దయచేసి కొనకండి.

ఇక అసలు విషయం. మనింట్లో ఎవరైనా అడుగుపెడితే మొదటి మాట "తిన్నావా?" కదా. మనకి ప్రేమంటే పెట్టడమే, తినకపోతే ఏదో అయిందనే. అలాంటి ఇంట్లో నవంబరు మొదటి వారంలో తినడం మానేసిన ప్రాణి ఒకటి ఉంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో "నాగుల చవితి కదరా, కాసిని పాలు పోసి చూడు, తాగుతుందేమో" అంది. ఆవిడ అన్నది ప్రేమతోనే. కానీ పాములకి పాలు ఆహారం కాదు, అవి అరగవు. దాహంతో అల్లాడిపోతున్న పాము ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, పండగ ముందు రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఉంచిన పాము పాలు తాగడం వెనక ఉన్నది అదే. లడ్డు గిన్నెలో మంచినీళ్లు రోజూ మారుస్తూనే ఉన్నాం, అది తాగుతూనే ఉంది. తినడం ఒక్కటే లేదు.

ఆ నాలుగున్నర నెలల్లో నాకు అర్థమైందేంటంటే, "పాము తినట్లేదు" అన్నది ఒక సమస్య కాదు, పైకి ఒకేలా కనిపించే మూడు వేర్వేరు విషయాలు. జబ్బు చేసి తినలేకపోవడం ఒకటి. ఉన్న చోటు నచ్చక, లేదా చలిగా ఉండి తినకపోవడం ఇంకోటి. ఒంట్లో బాగానే ఉండి, ఉన్న చోటూ బాగానే ఉండి, అది తినే కాలం కాదు కాబట్టి తినకపోవడం మూడోది. మూడింట్లోనూ ఎలుక చెత్తబుట్టలోకే వెళ్తుంది. కానీ మొదటిదానికి డాక్టరు కావాలి, రెండోదానికి మన చేతి పని కావాలి, మూడోదానికి మనం చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే చెడిపోతుంది. నేను అదే చేశాను.

ముందు ఒక పాము ఎంతకాలం తినకుండా ఉండగలదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మనం తినేదాంట్లో పెద్ద భాగం ఒంటిని 37 డిగ్రీల దగ్గర ఉంచడానికే ఖర్చవుతుంది. పాము ఆ వేడిని బయటినుంచి, నేల నుంచి, రాయి నుంచి తీసుకుంటుంది. అందుకే అంతే బరువున్న పిల్లికో కుందేలుకో కావలసిన శక్తిలో దానికి సుమారు పదో వంతు చాలు. 2007లో అమెరికాలోని ఆర్కన్సా యూనివర్సిటీలో మార్షల్ మెక్యూ అనే శాస్త్రవేత్త మూడు జాతుల పాముల్ని, అందులో బాల్ పైథాన్ ఒకటి, 168 రోజుల దాకా తిండి లేకుండా ఉంచి చూశాడు. ఒంట్లో ఖర్చుని కొన్ని 72 శాతం దాకా తగ్గించేసుకున్నాయి, బరువు మాత్రం 9 నుంచి 24 శాతం మధ్యే తగ్గింది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇంకోటి: తిండి లేని ఆ కాలంలోనే అవి పొడవు పెరిగాయి.

ఇంకా లోపలికి వెళ్తే, కొండచిలువ జాతుల పేగులు మనలా ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. తిండి లేనప్పుడు పేగు లోపలి పొర పల్చబడుతుంది, తిన్నాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ దళసరి అవుతుంది. బర్మీస్ పైథాన్‌లో భోజనం తర్వాత 48 గంటల్లో గుండె బరువే 40 శాతం పెరిగిందని 2005లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అంటే ఒక ఎలుకని అరిగించడం పాముకి చిన్న పని కాదు, మూసేసిన ఫ్యాక్టరీని మళ్లీ నడిపించడం. దానికి ఒంటికి బాగా వేడి కావాలి. వేడి చాలకపోతే మింగింది పొట్టలోనే కుళ్లుతుంది, కక్కేస్తుంది, ఆ కక్కడంలో నీరసపడి చచ్చిపోయినవీ ఉన్నాయి. చల్లటి ట్యాంక్‌లో ఉన్న పాము తల తిప్పుకుందంటే అది మొండితనం కాదు, దాని ఒంటికి తెలిసిన తెలివి.

ఇప్పుడు నా తప్పు. లడ్డుకి అప్పటికి రెండేళ్లు. అక్టోబరు చివర్లో ఆఖరిసారి తిన్నాక బరువు 940 గ్రాములు. మొదటి రెండుసార్లు వద్దన్నప్పుడే నేను కంగారుపడి మూడు రోజులకోసారి పెట్టడం మొదలుపెట్టాను. ఎలుక వద్దంటే చిట్టెలుక, తెల్లది వద్దంటే బూడిద రంగుది. ఇల్లు ఇరుకై ఉంటుందని ఎవరో అంటే నాలుగడుగుల పెద్ద గాజు ట్యాంక్ కొన్నాను, నాలుగు పక్కలా అద్దమే, హాల్లో టీవీ పక్కన పెట్టాను. రోజూ బయటికి తీసి పట్టుకుని చూశాను, చిక్కిపోయిందేమోనని. అంటే కడుపు నిండా భయంతో ఉన్న ప్రాణికి ఇల్లు మార్చేసి, నాలుగువైపులా గోడలు తీసేసి, రోజూ ఎత్తి పట్టుకుని, మూడు రోజులకోసారి చచ్చిన ఎలుకతో ముక్కు మీద తట్టాను. పాపం.

ఈ జాతి సొంతూరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘానా, టోగో, బెనిన్ వైపు గడ్డి మైదానాల్లో ఎలుక కన్నాల్లో, చెదపుట్టల్లో పగలంతా పడుకుని, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. పుట్ట అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అయినా ట్యాంక్ సర్దేటప్పుడు నాకు ఆ మాటే గుర్తు రాలేదు. పుట్టలో ఏముంటుంది? చీకటి, ఇరుకు, తేమ, నిలకడగా వేడి. ఒళ్లు నాలుగువైపులా గోడకి తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. కాబట్టి దాక్కునే గూళ్లు కనీసం రెండు కావాలి, వేడి పక్కన ఒకటి, చల్ల పక్కన ఒకటి, రెండూ పాము చుట్టుకుంటే సరిగ్గా పట్టేంతే. విశాలంగా ఉండే గూడు దానికి గూడే కాదు. ట్యాంక్ పెద్దదైతే తప్పులేదు, ఖాళీగా ఉంటే తప్పు: మూడు పక్కలా నల్ల కాగితం అంటించి, ఆకులు, చెట్టు బెరడు, మొద్దులు నింపితే ఎంత పెద్దదైనా పుట్టే.

వేడి సంగతి ఇంకా ఘోరం. అద్దానికి అంటించే గుండ్రటి థర్మామీటరు 32 డిగ్రీలు చూపిస్తోంది, నేను దాన్నే నమ్ముకున్నాను. డిసెంబరులో వంటింట్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ తీసుకుని గూడు లోపల నేల మీద గురిపెడితే 27. ఐదు డిగ్రీల తేడా. మనకి అది ఫ్యాన్ వేసుకోవాలా వద్దా అన్నంత తేడా, పాముకి అది అరుగుతుందా కుళ్లుతుందా అన్న తేడా. బాల్ పైథాన్‌కి వేడి పక్క నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, అంటే 88 నుంచి 91 ఫారెన్‌హీట్, చల్ల పక్క 25 నుంచి 27, రాత్రిళ్లు 24కి తగ్గకూడదు, గాలిలో తేమ 55 నుంచి 70 శాతం. టెక్సస్ చలికాలంలో హీటర్ వేస్తే ఇంట్లో గాలి ఎండిపోతుంది, మా ట్యాంక్‌లో తేమ 35కి పడిపోయింది. వైరు చివర సెన్సర్ ఉండే డిజిటల్ మీటరు ఒకటి కొని ఆ సెన్సర్‌ని పాము పడుకునే చోటే పెట్టండి, అద్దం మీద కాదు. ట్యాంక్ అడుగున వేడినిచ్చే హీట్ మ్యాట్‌కి, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే వెంటనే పెట్టండి, లేకుండా వాడితే పొట్ట కాలుతుంది. కాలిన పాము అరవదు, మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఇవన్నీ సరిచేసి, పది రోజులు ముట్టుకోకుండా వదిలేసి, మళ్లీ పెట్టాను. తినలేదు.

అక్కడే చాలామంది ఇంకోసారి అన్నీ మార్చేస్తారు. నేనూ మార్చబోయాను. అప్పుడు ఒక విషయం గమనించాను: ముందులా గూట్లో ముడుచుకుని ఉండట్లేదు. రాత్రి పదకొండు దాటితే చాలు ట్యాంక్ ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతోంది, మూత అంచు వెంబడి ముక్కుతో తడుముతోంది, తెల్లవారేదాకా అదే పని. భయపడి ముడుచుకున్న పాము చేసే పని కాదది. జత కోసం వెతికే మగపాము చేసే పని. పెంపకంలో ఉన్న మగ బాల్ పైథాన్లు ఉత్తరార్ధగోళంలో దాదాపు నవంబరు నుంచి మార్చి దాకా ఇలా తిండి మానేయడం మామూలే, ముఖ్యంగా 800 గ్రాములు దాటి కిలోకి దగ్గరపడ్డవి. పెంచేవాళ్లు దీన్ని "గోడకి తగలడం" అంటారు. గదిలో వేడి మారకపోయినా వాటికి కాలం తెలుస్తుంది. ఆడవి కూడా గుడ్లతో ఉన్నప్పుడు మానేస్తాయి, గుడ్లు పెట్టాక వాటిని చుట్టుకుని దాదాపు రెండు నెలలు, పిల్లలు వచ్చేదాకా, ఏమీ తినకుండా కాపలా కాస్తాయి. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారిన వారం పది రోజులు ఆడా మగా చాలావరకు తినవు, ఆ సమయంలో పెట్టనే వద్దు, సరిగ్గా కనపడక బెదిరిపోతుంది.

అంటే లడ్డు విషయంలో రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాలం వల్ల మానేసింది, నేను చేసిన గొడవ వల్ల దానికి భయం కూడా తోడైంది. గొడవ తీసేస్తే భయం పోయింది, కాలం మాత్రం అలాగే ఉంది.

ఎలా తెలుస్తుంది ఏది ఏదో? నా సమాధానం ఒక్కటే, తూకం. వంటింటి డిజిటల్ త్రాసు మీద మూతున్న డబ్బా పెట్టి వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకి తూచి రాసుకోవాలి. కంటితో చూసి చిక్కిందా లేదా అంటే మనకి ప్రతిరోజూ చిక్కినట్టే కనిపిస్తుంది, అమ్మకి వీడియో కాల్‌లో నేను కనిపించినట్టు. లడ్డు నోట్‌బుక్ ఇలా నడిచింది: 940, 936, 921 (విసర్జించింది), 919, 917, 917, 912. ఇరవై వారాల్లో అన్నిటికన్నా తక్కువ 896. తగ్గింది 44 గ్రాములు, 5 శాతం కూడా కాదు. ఈ అంకెలు చేతిలో ఉంటే రాత్రి పడుకోవచ్చు. పెద్ద పాము బరువు 10 శాతం దాటి పడిపోతే, లేదా రెండు మూడు వారాల్లో గబగబా జారిపోతే, ఇక నిరీక్షణ చాలు.

తూకం ఎలా ఉన్నా ఆగకూడని సంగతులు కొన్ని ఉన్నాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోందా, ముక్కు దగ్గర బుడగలు, గురగుర చప్పుడు ఉందా, అది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. చిగుళ్లు ఎర్రబడి నోట్లో పెరుగులాంటిది కనిపిస్తే నోరు కుళ్లుతోంది. తల ఆకాశం వైపు వంకరపెట్టి అలాగే ఉండిపోతే నరాలకి సంబంధించినది. నీళ్ల గిన్నెలో నల్లటి నలుసులు తేలితే పేనులాంటి మైట్లు. తిన్నది కక్కితే, వెన్నెముక గట్టులా పైకి తేలితే, చర్మం ముడతలు పడితే కూడా ఆగొద్దు. కుక్కల్ని పిల్లుల్ని చూసే అందరు వెట్‌లకీ పాములు తెలియవు, సరీసృపాల్ని చూసేవాళ్లెవరో పాము ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి. డిసెంబరులో నేను మొదట తీసుకెళ్లిన చోట చూడకుండానే విటమిన్ ఇంజెక్షన్ చేద్దామన్నారు. ఒప్పుకోకుండా వచ్చేశాను. రెండోచోట నోరు చూశారు, మలం టెస్ట్ చేశారు, పురుగుల్లేవన్నారు, "తూకం రాస్తూ ఉండండి, మార్చి దాకా చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాటకి ఇచ్చిన ఫీజు నాకు దండగ అనిపించలేదు.

పిల్లపాములకి ఈ ఓపిక లెక్క వర్తించదు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. గుడ్డులోంచి వచ్చిన కొన్ని నెలల పిల్ల, వంద గ్రాములది, దాని ఒంట్లో దాచుకున్నది పెద్దగా ఉండదు. నాలుగైదు వారాలు వరుసగా వద్దంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కొనేటప్పుడే "ఇది ఏం తింటోంది, ఎన్నిసార్లు తింది, చచ్చిన ఎలుకా బతికున్నదా" అని అడగండి, చెప్పలేకపోతే కొనకండి. ఆఫ్రికా నుంచి దిగుమతైన పిల్లలు చాలావాటికి ఫ్రిజ్‌లోంచి తీసిన తెల్ల ఎలుక తిండి అనే తెలియదు.

ఎలుక పెట్టే పద్ధతి గురించి కొంచెం. ఫ్రోజెన్ ఎలుకని ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, పెట్టే ముందు జిప్ కవర్లో వేసి వేడినీళ్లలో ఉంచాలి, మైక్రోవేవ్‌లో వద్దు, పగిలిపోతుంది, లోపల ఒకచోట ఉడికి ఒకచోట మంచుగా ఉంటుంది. బాల్ పైథాన్ పెదవుల అంచున చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో అది వేడిని "చూస్తుంది". గదంత చల్లగా ఉన్న ఎలుక దానికి రాయితో సమానం. అందుకే ఆఖర్న ఎలుక తల ఒక్కటీ ఇంకో అర నిమిషం వేడినీళ్లలో ముంచి, 38 డిగ్రీల దగ్గరికి తెచ్చి, తుడిచి, చీకట్లో, పటకారుతో తోక మొదలు పట్టుకుని, దూరం నుంచి, మెల్లగా. ముక్కు మీద పొడవొద్దు. తీసుకోకపోతే గూటి గుమ్మం దగ్గర పెట్టి రాత్రంతా వదిలేయండి, సిగ్గరివి ఎవరూ చూడనప్పుడు తింటాయి. పొద్దున ఉంటే తీసేయండి. ఆ తర్వాత పది పద్నాలుగు రోజులు మళ్లీ మాట ఎత్తొద్దు. ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటుని దాటకూడదు, ఉపవాసం తర్వాత మొదటిది ఇంకా చిన్నదై ఉండాలి, మూసేసిన ఫ్యాక్టరీ అన్నాను కదా.

రుచి మార్చి చూడొచ్చు, అదీ ఒకసారికి ఒక్కటే. నైజీరియాలో అడవి బాల్ పైథాన్ల మీద 1998లో వచ్చిన అధ్యయనంలో 70 సెంటీమీటర్ల లోపువి దాదాపు పిట్టల్నే తింటున్నాయని, మీటరు దాటినవి ఎలుకలాంటి జంతువుల్ని తింటున్నాయని తేలింది. కాబట్టి కొన్ని పాములు కోడిపిల్ల ఈకల వాసన పూస్తే ఎలుకని తీసుకోవడంలో వింతేమీ లేదు. బతికున్న ఎలుకని లోపల వదిలి వెళ్లిపోవడం మాత్రం చేయొద్దు. తినే మూడ్ లేని పాము కదలదు, ఆకలేసిన ఎలుక పాముని కొరుకుతుంది, వెన్నెముక కనిపించేలా కొరికిన ఫోటోలు చూశాను, మళ్లీ చూడలేను. నోరు తెరిచి బలవంతంగా కుక్కడం డాక్టరు చేతి పని, అదీ ఆఖరి దారి. దవడ విరిగేది, గొంతు చీరేది, పాము మనల్ని చూస్తేనే ముడుచుకుపోయేలా అయ్యేది అక్కడే.

జనవరి, ఫిబ్రవరి అంతా మేం చేసిందల్లా నీళ్లు మార్చడం, మీటరు చూడటం, ఆదివారం తూచడం. ట్యాంక్ మా ఆవిడ ఆఫీసు గదిలోకి మార్చాం, అక్కడ టీవీ లేదు. రెండు వారాలకోసారి చిన్న ఎలుక, రాత్రి, ఒక్కసారే. వద్దంటే తీసేయడం.

మార్చి రెండో వారానికి రాత్రి తిరుగుళ్లు తగ్గాయి. పద్నాలుగో తేదీన పాప పటకారు తనే పట్టుకుంటానంది. గూట్లోంచి ముక్కు మాత్రం కనిపిస్తోంది. నాలుక ఒకసారి బయటికొచ్చి చాలాసేపు గాల్లోనే ఆగింది, మెడ మెల్లగా వెనక్కి ముడిచి ఎస్ ఆకారంలోకి వచ్చింది, ఆ ముడుపు చూడగానే నాకు తెలిసిపోయింది, నవంబరు నుంచి ఒక్కసారి కూడా అలా ముడవలేదు. పాప చెయ్యి కదలలేదు. కంటికి కనపడనంత వేగంగా పట్టుకుని మూడు చుట్లు చుట్టేసింది. మింగడం పూర్తయ్యేసరికి పావుగంట పట్టింది, ఆఖర్న ఆవలించినట్టు దవడలు సర్దుకుంది. పాప నోట్‌బుక్‌లో తేదీ వేసి, పక్కన పెద్ద అక్షరాలతో "తిన్నాడు" అని రాసి, వెంటనే తెనాలికి ఫోన్ కలిపింది, నానమ్మకి తనే చెప్పాలని.